లాస్ట్ బెంచీ ప్రతి: టీకా తాత్పర్య సహితము

అవతారిక

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చి మరీ కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం మొదలుపెట్టాడు కోలాచల మల్లినాథసూరి. మెదక్ సీమలోని కొల్చారం ఆయన ఊరు. ఈ వ్యాఖ్యాత అలాంటి మాటేదీ ఇవ్వడు. ఇరవై నిమిషాల పాఠాన్ని యాభై నిమిషాల పీరియడుకు సరిపెట్టడమే వృత్తిగా బతికేవాడికి ఆ రెండో షరతు కుదరదు.

మూలం రెండే పద్యాలు. ఒకటి తేటగీతి, ఒకటి ఆటవెలది. దొరికిన చోటు ఒక డిగ్రీ కాలేజీలో జనరల్ తెలుగు కంబైన్డ్ క్లాసు జరిగే గది. కిటికీ వైపు వరస, చిట్టచివరి బెంచీ. తాటాకు బదులు టేకు చెక్క, గంటం బదులు జామెట్రీ బాక్సులోని కంపాస్ ముల్లు. కవి పేరు లేదు. ఆ చుట్టుపక్కల పేర్లకు కొదవేం లేదు గానీ అవన్నీ జంటలుగా, మధ్యలో బాణం దిగిన గుండెకాయతో ఉన్నాయి. వాటిలో ఏదీ కవినామం అనిపించలేదు.

కాలనిర్ణయం పద్యాల్లోని సాక్ష్యంతోనే చెయ్యాలి. పెన్ను టిక్కుమంటోంది కాబట్టి ఇంకు పెన్నులు పోయి నొక్కుడు బాల్‌పెన్నులు వచ్చాక రాసినవి. సుద్ద కీచుమంటోంది కాబట్టి మార్కరు బోర్డుకు ముందువి. ఎక్కడా సెల్‌ఫోను బర్రుమనలేదు కనక సెల్‌ఫోన్లకు కూడా ముందేనని కొందరంటారు. అది నిలవదు. బల్ల మీద పెడితే కదా బర్రుమనేది? ఒళ్లో పెట్టుకున్నది వినపడదు. కవే చూసుకుంటున్నప్పుడు అసలే వినపడదు.

1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు మద్రాసులో అచ్చుకూటం పెట్టినప్పటి నుంచీ తెలుగువాడికి పద్యం కింద సన్నక్షరాల టీక ఉంటేగాని పుస్తకం పుస్తకంలా ఉండదు. బెంచీ మీద చోటు చాలక కవి వదిలేసిన ఆ పనిని ఇక్కడ చేస్తున్నాం. వ్యాఖ్యాత ఎవడంటారా? అదే గదిలో, ఆ బెంచీకి సరిగ్గా ఎదురుగా, బోర్డు పక్కన నిలబడి జీతం తీసుకునేవాడు.

మూలము – 1

తే. ఫ్యాను గొణుగును బల్లలు పలుకు కిర్రు
సుద్ద కీచను నల్లని చోటనుండి
పెన్ను టిక్కను పెదవులు విప్పకుండ
వెనుక బెంచీల గుసగుస వినఁగ వచ్చు

ప్రతిపదార్థము

ఫ్యాను = స్లాబునకు వేలాడు విద్యుత్ పంకా; గొణుగును = ఎవరు విన్నను వినకున్నను అన్నదే అనుచుండును; బల్లలు = బెంచీలు, లక్షణచేత వానిపై కూర్చున్నవారి నడుములు; కిర్రు పలుకు = కిర్రుమని శబ్దించును; నల్లని చోటనుండి = బోర్డు దిక్కునుండి; సుద్ద = చాక్‌పీసు; కీచను = కీచుమనును; పెన్ను టిక్కను = జాతియందు ఏకవచనము, అరువది పెన్నులని భావము; పెదవులు విప్పకుండ = నోరు మెదపకయే; వెనుక బెంచీల = చివరి వరుసలవారి యొక్క; గుసగుస = రహస్య సంభాషణము; వినఁగ వచ్చు = వినుటకు వీలగును. ఎవరికన్నది ముందు తేలును.

తాత్పర్యము

క్లాసు జరుగుచున్నది.

వ్యాఖ్య

ఫ్యాను గొణుగును. రొద అనొచ్చు, హోరు అనొచ్చు. కవి గొణుగుడే ఎంచుకున్నాడు, సరిగ్గానే ఎంచుకున్నాడు. సీలింగు ఫ్యాను చప్పుడులో మూడు పొరలుంటాయి. రెక్కలు గాలిని కోసే హోరు మొదటిది. రాడ్డు మీది గిన్నె వదులై చుట్టుకొకసారి కొట్టుకునే టక్కు రెండోది. మూడోది మోటారు మూలుగు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు. ఒక్కో ఆవృత్తంలో అయస్కాంతం రెండుసార్లు లాగుతుంది కనక లోపలి ఇనుము సెకనుకు 100 సార్లు వణుకుతుంది. పాత ట్యూబులైటు చోకు పాడేదీ ఈ శ్రుతిలోనే. గ్రిడ్డు ఒకటే కాబట్టి శ్రీకాకుళంలో చోకూ ఆదిలాబాదులో చోకూ కలిసే మూలుగుతాయి. తెలుగువాళ్లు ఉన్నంత మేరా ఒకే శ్రుతిలో వినిపించే మాట బహుశా అదొక్కటే. రెగ్యులేటరు మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి. ఆ సంగతి ఫ్యానుకు తెలీదు.

ఈ గొణుగుడుకు పైన మాట వినపడాలంటే గొంతు పెంచాలి. పెంచుతున్నామన్న సంగతి పెంచేవాడికి తెలీదు కూడా. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గట్టిగా మాట్లాడతాడని ఫ్రాన్సులో ఏతియెన్ లొంబార్ అనే చెవివైద్యుడు 1911లో చెప్పాడు. ఇప్పుడు అన్వయించుకోండి. ఫ్యానుకు మించి మాష్టారు పెంచుతాడు. మాష్టారుకు మించి పక్కవాడికి వినపడాలి కాబట్టి నాలుగో బెంచీ పెంచుతుంది. నాలుగో బెంచీ అడ్డొస్తోందని ఐదో బెంచీ పెంచుతుంది. ఇక్కడ ఎవరి దోషమూ లేదు. అందరూ ఎదుటివాడి సౌకర్యం కోసమే కష్టపడుతున్నారు. మాష్టారు మాత్రం దాన్ని అల్లరి అంటాడు.

బల్లలు పలుకు కిర్రు. ఐదుగురు కూర్చునే బెంచీలో ఒక్కడు కదిలినా కిర్రు ఐదుగురి ఖాతాలోనూ పడుతుంది. ఆ కిర్రు విసుగుకు కొలత. కథ నడుస్తున్నంతసేపూ బెంచీలు మూగగా ఉంటాయి. "ఇక్కడ కవి సూర్యాస్తమయాన్ని వర్ణిస్తున్నాడు" అనగానే వెనక నుంచి మొదలై ముందుకు పాకుతుంది. ప్రబంధకవులు తమ వర్ణనలను బెంచీల ముందు చదివి చూసుకుని ఉంటే ఆశ్వాసాలు కొంచెం పొట్టిగా ఉండేవేమో. ఇది నా సొంత అభిప్రాయం, సిలబస్‌లో లేదు.

ఇంత చిన్న కిర్రు అంత పెద్దగా ఎందుకు వినపడుతుందంటే గది అలాంటిది. పైన స్లాబు, చుట్టూ సున్నం గోడలు, కింద షాబాదు బండలు. శబ్దాన్ని మింగేది ఒక్కటీ లేదు. ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయం కొత్తగా కట్టుకున్న ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో ప్రొఫెసర్లు ఏం చెబుతున్నారో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడం మామూలే గానీ అక్కడ మాటలే తెలియలేదు. సంగతేమిటో చూడమని వాలెస్ సాబిన్ అనే కుర్ర ఫిజిక్సు అధ్యాపకుడికి పురమాయించారు. ఆయన ఒక ఆర్గాన్ గొట్టం, ఒక స్టాప్‌వాచీ పట్టుకుని, పక్కనే ఉన్న శాండర్స్ థియేటరు నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ఊరు సద్దుమణిగాక రాత్రిళ్లు కొలిచాడు. ఖాళీ గదిలో శబ్దం ఐదున్నర సెకన్లు పోకుండా తిరుగుతోందని తేల్చాడు. ఒక వాక్యం పూర్తయ్యేసరికి దాని మొదటి మాట ఇంకా గోడల మధ్యే ఉంటుందన్నమాట. మెత్తలు పరిచేకొద్దీ ఆ కాలం తగ్గింది. మనుషులు కూర్చున్నా తగ్గింది, బట్టలూ ఒళ్లూ శబ్దాన్ని బాగా మింగుతాయి కనక.

ఆయన సూత్రంలో మా గది కొలతలు వేసి చూశాను. తొమ్మిది మీటర్లు పొడవు, ఏడు వెడల్పు, మూడున్నర ఎత్తు. కిటికీలు తీసి ఉంచినా ఖాళీ గదిలో సుమారు 3 సెకన్లు వస్తోంది. అరవైమందిని కూర్చోబెడితే 1 సెకనుకు దిగుతుంది. అంటే విద్యార్థి పాఠం వినకపోయినా ఫరవాలేదు, వచ్చి కూర్చుంటే పక్కవాడికి పాఠం తేటగా వినపడుతుంది. 75 శాతం హాజరు ఉండాలన్న నిబంధనకు ఇంతకంటే గట్టి సమర్థనను ఏ యూనివర్సిటీ సర్క్యులరులోనూ నేను చదవలేదు.

ఇంకొకటి. శబ్దాన్ని మింగే శక్తికి సాబిన్ పెట్టుకున్న కొలమానం ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ. ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ. దాన్ని చేరిన శబ్దం ఇక తిరిగి రాదు. పాఠం కిటికీలోంచి పోతోందని మన దగ్గర తరతరాలుగా అనుకుంటూనే ఉన్నారు. దాంతో లెక్క కట్టొచ్చని మాత్రం ఎవరికీ తట్టలేదు.

సుద్ద కీచను నల్లని చోటనుండి. కొత్త చాక్‌పీసును బోర్డుకు నిటారుగా పట్టుకుంటే అది తిన్నగా జారదు. పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, సెకనుకు వందలో వేలో సార్లు. ఆ వణుకే కీచు. సగానికి విరిచి ఏటవాలుగా పట్టుకుంటే ఊరుకుంటుంది. పాతకాలం మాష్టార్లు పెట్టె తెరవగానే చాక్‌పీసు విరిచేది పొదుపు కోసమని అనుకునేవాళ్లం.

"నల్లని" అన్నచోట "పచ్చని" అని పాఠాంతరం. అదే బెంచీలో, వేరే చేతిరాతతో, కొట్టేసి పైన చెక్కి ఉంది. గణభంగం లేదు, యతికీ ఢోకా లేదు. గోడకు పచ్చ బోర్డు వచ్చాక ఎవరో సవరించారని స్పష్టం. "తెల్లని" అని మూడో పాఠం ఉందని ఒక విద్యార్థి చెప్పాడు గానీ అది అంగీకారయోగ్యం కాదు. తెల్లబోర్డు మీద సుద్ద పలకదు, మార్కరు పలుకుతుంది. అప్పుడు పాదం మొదటి నుంచీ మార్చాలి.

ఈ పాదంలో రహస్యం ఒకటుంది. బోర్డు మీద రాసేవాడి వీపు క్లాసు వైపు ఉంటుంది. కళ్లు సుద్ద మీద. ఇక క్లాసును చూడాల్సింది చెవులే. కళ్లతోనే వింటుంది కనక పామును చక్షుశ్శ్రవం అన్నారు, అమరకోశంలోనూ ఆ మాట ఉంది. చెవులతో చూసే ప్రాణికి మాత్రం అమరసింహుడు పేరు పెట్టలేదు. ఆ రోజుల్లో బోర్డు లేదు మరి. మూడో వరసలో కాగితం చిరిగింది. చీటీ అవుతోంది. ఆగింది. మడుస్తున్నారు. చెప్పు ఈడ్చిన చప్పుడు, చీటీ కాలికింద నుంచి పోతోంది. బట్టలూ ఆకులూ చేసే గలగలకు మర్మరం అనే పేరును అమరుడు ఇచ్చాడు. కాగితాన్నీ అందులోనే కలిపేసుకోవచ్చు. వ్యాఖ్యాత వెనక్కి తిరక్కుండానే "ఆ చీటీ ఇటు పంపండి" అంటే గదంతా ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. అదీ వినపడుతుంది.

పెన్ను టిక్కను. ఎప్పుడంటే అప్పుడు టిక్కుమనదు. దానికి ఒక మంత్రాక్షరం ఉంది: "ఇంపార్టెంట్". పాఠంలో ఎంత గొప్ప మాట చెప్పినా కదలని పెన్నులు ఈ ఒక్క మాటకు అరవైకి అరవై ఒకేసారి టిక్కుమంటాయి. అందులోనూ తేడాలున్నాయి. ముందు బెంచీల టిక్కు మాట పూర్తికాకముందే, "ఇం" దగ్గరే పడుతుంది. మధ్య బెంచీలది మాటతో పాటు. వెనక బెంచీలది ఆలస్యంగా, ముందువాళ్ల టిక్కు విని టిక్కుమంటుంది. "ఇది పరీక్షలో రాదు" అని చూడండి. ఈసారి టిక్కు వరస తిరగబడుతుంది. వెనక బెంచీలు ముందు.

పెదవులు విప్పకుండ. కారణం లేకుండా కార్యం పుట్టడం విభావనాలంకారం. పెదవి కదలదు, మాట మాత్రం పుడుతుంది. ఇది కేవలం చమత్కారం కాదు, వెనక బెంచీలో నిత్యం జరిగే సాధన. ప, బ, మ అనాలంటే పెదవులు కలవాలి. కలిస్తే దొరికిపోతాడు. కాబట్టి అనుభవజ్ఞుడు ఆ అక్షరాలు లేకుండానే మాట్లాడతాడు. "సినిమా" అనడు. "టిక్కెట్ తీశా" అంటాడు. "ఏరా, క్యాంటీన్‌కేనా?" అంటాడు. చూడండి, రెండింటిలోనూ పెదవికి పనే లేదు. దశకుమారచరిత్రలో దండి ఒక పాత్ర చేత కథంతా ఓష్ఠ్యాలు లేకుండా చెప్పించాడు, ప్రియురాలి పంటిగాట్లతో పెదవి నొప్పెడుతోందన్న కారణం చూపి. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు దశరథరాజనందన చరిత్రను నిరోష్ఠ్యంగా నడిపించాడు, కావ్యం పేరుతో సహా. ఆ విద్య అంతరించిపోయిందని సాహిత్యచరిత్రకారులు బాధపడుతుంటారు. వాళ్లు ముందు బెంచీల్లో కూర్చుని చదువుకున్నవాళ్లు.

వినఁగ వచ్చు. మధ్యలో అరసున్న ఉంది చూశారా? పుస్తకంలో ఉంటుంది, పలుకులో ఉండదు. రిజిస్టరులో హాజరు పడి క్లాసులో లేని విద్యార్థిలాగా. కవి దాన్ని కంపాస్ ముల్లుతో శ్రద్ధగా చెక్కాడంటే తెలుగు మీద మంచి పట్టున్నవాడే. ఇంటర్నల్ మార్కులు మాత్రం ఎవరికి పోయాయో.

ఇక్కడ పూర్వపక్షం. ఫ్యాను ఉంది, బల్ల ఉంది, సుద్ద ఉంది, పెన్ను ఉంది, గుసగుస ఉంది. అసలైన పాఠం ఏది? ఉపన్యాసకుడి గొంతు నాలుగు పాదాల్లో ఎక్కడా వినపడదేం? కవి మరిచాడనుకోవాలా, నిద్రపోయాడనుకోవాలా?

దీనికి తార్కికుల సమాధానం ఒకటుంది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో శబ్దాన్ని రెండుగా విభజించాడు. భేరి మోతలాంటిది ధ్వన్యాత్మకం. భాషలా అక్షరాలుగా తెలిసేది వర్ణాత్మకం. పాఠం మాష్టారి నోటి నుంచి బయల్దేరేటప్పుడు వర్ణాత్మకమే. హల్లులు బలహీనమైనవి, ముందు అవి రాలిపోతాయి. రెండో బెంచీ దాటేసరికి త, ప, క రాలిపోతాయి. ఐదో బెంచీ దగ్గరికి అచ్చులే చేరతాయి. చివరి బెంచీకి చేరేది వట్టి భేరి. దాన్ని ఫ్యాను గొణుగుడులో కలిపి లెక్కించి ఉంటాడు కవి. ఇక గుసగుస అంత దూరం ఎలా నిలుస్తుందని అడిగితే, శబ్దం నడకకు శాస్త్రంలో రెండు న్యాయాలున్నాయి. అల వెంట అలగా సాగితే వీచీతరంగ న్యాయం, కడిమి మొగ్గ విచ్చుకున్నట్టు ఒకేసారి అన్ని దిక్కులకూ విచ్చుకుంటే కదంబముకుల న్యాయం. పాఠం మొదటి పద్ధతిలో పోయి ఒడ్డు చేరకముందే సద్దుమణుగుతుంది. ఎవరికి ఎవరితో పడిందన్న కబురు రెండో పద్ధతిలో పోతుంది.

ఈ సమాధానం బాగుంది గానీ నాకు తృప్తి లేదు. నా పక్షం వేరు. "వినఁగ వచ్చు" అన్న క్రియకు కర్త లేడు. ఎవరికి వినపడుతోందో కవి చెప్పలేదు. విద్యార్థికైతే ఇవన్నీ వినపడవు, గుసగుసలో ఉన్నవాడు పెన్ను టిక్కు వినడు. గదిలో ఫ్యానునీ, బెంచీనీ, చీటీనీ, గుసగుసనీ ఒకేసారి విడివిడిగా వినేవాడు ఒక్కడే. తన గొంతు తనకు వినపడనివాడూ అతనే. పద్యంలో పాఠం లేదంటే అది మాష్టారి చెవితో రాసిన పద్యమన్నమాట. క్లాసులో వినాల్సినవాళ్లు విద్యార్థులని అందరూ అంటారు. పగలంతా చెవి రిక్కించి కూర్చునేది, సారీ, నిలబడేది ఎవరో ఈ లాస్ట్ బెంచీ కవి పట్టుకున్నాడు. ఆనందవర్ధనుడు కాశ్మీరంలో కూర్చుని ధ్వని అంటే చెప్పని అర్థమే అని వాదించింది ఇలాంటి పద్యాల కోసమే.

ఉదాహరణకు ఒక మధ్యాహ్నం. భోజనాల తర్వాత పీరియడు. పప్పన్నం, ఎండ, తేటగీతి లక్షణం. నేను బోర్డు మీద సూర్యగణాలు గుర్తిస్తున్నాను. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను గొణుగుడు తగ్గుతూ తగ్గుతూ ఆగింది. ఇందాక చెప్పిన లొంబారు లెక్క ప్రకారం, ఫ్యానును మించి మాట్లాడుతున్న గొంతులన్నీ తగ్గడానికి ఒకటి రెండు క్షణాలు పట్టాలి. అన్నీ తగ్గాయి. ఒక్కటి తగ్గలేదు. గది మధ్యలో ఆ వాక్యం ఒంటరిగా నిలబడింది: "...ఆయనకంటే ఫ్యానే నయంరా, గాలన్నా వస్తది."

అలంకారం వ్యతిరేకం. పోల్చదగిన రెండింటిలో ఒకదానికి ఆధిక్యం, కారణంతో సహా చెప్పబడింది. నేను తిరిగి చూడలేదు. సూర్యగణం పక్కన ఇంద్రగణం రాశాను. క్లాసంతా నవ్వింది. అదీ, ఆ గదిలో అన్ని శబ్దాల్లోకీ తియ్యటిది. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది.

మూలము – 2

ఆ. పేరు పిలువ నొకని వేరొక గొంతున
పలికె నెస్సరనుచు పక్కవాడు
గంట మోఁగె నపుడు కాళ్ళన్ని కదలంగ
మాట సగములోన మాయమయ్యె

ప్రతిపదార్థము

ఒకని పేరు పిలువన్ = రాని విద్యార్థి నామమును హాజరుపట్టీ నుండి చదువగా; పక్కవాడు = వాని మిత్రుడు; వేరొక గొంతున = తనది కాని కంఠముతో; ఎస్సరనుచు పలికెన్ = హాజరు పలికెను. తక్కినది సులభము.

తాత్పర్యము

క్లాసు అయిపోయినది.

వ్యాఖ్య

లోకంలో అనేది "ఎస్సార్". కవి గణం కోసం దీర్ఘం కుదించాడు. తప్పుపట్టక్కర్లేదు. ప్రాక్సీ పలికేవాడు ఎంత వేగంగా పలకాలో అంత వేగంగా అంటే దీర్ఘం ఎలాగూ మిగలదు.

చుట్టూ ఎంత గోల ఉన్నా మనిషి ఒక్క గొంతును ఎలా పట్టుకుంటాడో కొలిన్ చెర్రీ 1953లో పరీక్షించాడు. పట్టించుకోని చెవిలోంచి వచ్చినా తన పేరును దాదాపు మూడోవంతు మంది పట్టేస్తారని నెవిల్ మోరే 1959లో చూపించాడు. మా పిల్లలు ఇంకో మెట్టు పైన ఉన్నారు. తన పేరు కాదు, పక్కవాడి పేరు పట్టేస్తారు. తన పేరు పిలిచినప్పుడు మాత్రం రెండోసారి పిలిపించుకుంటారు.

వేరొక గొంతున. బొంగురుగా, సన్నగా, ముక్కుతో, జలుబు చేసినట్టు, రకరకాలు. గొంతు మార్చగలడు. కూర్చున్న చోటు మార్చలేడు. శబ్దం ఒక చెవికి చేరాక రెండో చెవికి చేరడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. ఆ తేడాతోనే బుర్ర దిక్కు తేల్చేస్తుంది. పిలిచిన పేరు రోజూ కిటికీ పక్క పలికేది, ఇవాళ తలుపు పక్క పలికింది. అయినా వ్యాఖ్యాత టిక్కు పెట్టేస్తాడు. ఎందుకంటే ఆ స్నేహం రిజిస్టరులో దేని కిందా రాయడానికి గడి లేదు. ఇప్పుడు ముఖం చూపించి హాజరు వేసే యంత్రాలు వచ్చాయి. అవి గొంతు వినవు. ఈ రెండు పాదాలకూ ముందుముందు పెద్ద టీకే అవసరమవుతుంది.

గంట మోఁగె. గంట అంటే వరండా కొసన వేలాడే రైలుపట్టా ముక్క. కరెంటు బెల్లు కూడా ఉంది, కరెంటు ఉన్నప్పుడు. ఇక్కడ కవికి న్యూనపదత్వ దోషం పట్టక తప్పదు. గంటకు మూడు నిమిషాల ముందే మొదలయ్యే జిప్పుల చప్పుడు వదిలేశాడు. మొదట ఒక బ్యాగు జిప్పు, జాగ్రత్తగా, పన్ను తర్వాత పన్ను. అది దొరక్కుండా పోయిందని చూసి రెండోది. తర్వాత వాన. టిఫిను బాక్సు మూత. పెన్ను మళ్లీ టిక్కు, ఈసారి లోపలికి. చేతికి గడియారం లేని మాష్టారికి కూడా టైము తెలిసేది ఈ పూర్వరంగం వల్లే. అటెండరు సుత్తి అందుకోకముందే క్లాసుకు గంట ఎలా తెలుస్తుందన్నది మాత్రం ఏ శాస్త్రానికీ అందలేదు.

కాళ్ళన్ని కదలంగ. అందరూ ఒకేసారి లేస్తే నాలుగు శబ్దాలు కలుస్తాయి: బెంచీ వెనక్కి జరిగే గీర, చెప్పుల వెతుకులాట, మోకాలు తగిలి కింద పడ్డ జామెట్రీ బాక్సు, "థాంక్యూ సార్". చివరిది అలవాటు. పాఠానికి కాదు, గంటకు చెబుతారు.

మాట సగములోన మాయమయ్యె. ఎవరి మాట? మొదటి పద్యంలో ఎంత వెతికినా దొరకని ఉపన్యాసం ఇదిగో, మాయమవుతూ కనిపించింది. ఇది వ్యాఖ్యాతకు గొప్ప ఊరట. ఎలాగంటారా, నైయాయికుల లెక్కలో అభావం తెలియాలంటే దేని అభావమో అది ముందు తెలిసి ఉండాలి. కుండ ఎరగనివాడికి కుండ లేకపోవడం తెలీదు. మాట పోయిందని కవికి తెలిసిందంటే అంతసేపూ మాట ఉందని తెలుసన్నమాట. అంటే లాస్ట్ బెంచీ వింటూనే ఉంది. కంపాస్ ముల్లుతో చెక్కుతూ, పక్కవాడికి ప్రాక్సీ పలుకుతూ, క్యాంటీనుకు వేళ కుదుర్చుకుంటూ వింటూనే ఉంది. పై అధికారులకు పంపే నివేదికలో ఈ వాదాన్ని చేర్చాలని ఉంది.

సగములోన అన్నది కూడా ఊరికే అనలేదు. తెలుగు వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎప్పుడు అన్నీ ముందొచ్చేస్తాయి. ఏం జరిగిందన్నది ఆఖరికి గాని తెలీదు. అలాంటి వాక్యాన్ని గంట మధ్యలో నరికితే పోయేది అసలుదే. మొన్న యూనిట్ ముగిస్తూ నేనన్నది ఇది: "ఈ రెండు పద్యాలూ సెమిస్టరు పరీక్షలో తప్పకుండా..." గంట. కాళ్లు.

అయితే "కాళ్ళన్ని" అన్నది అతిశయోక్తి. ఒక జత కాళ్లు వరండా వైపు కాకుండా బల్లల సందులోంచి నా వైపు వస్తున్నాయి. అరిగిన హవాయి చెప్పులు, ఎడమదాని పట్టీకి పిన్నీసు, అడుగుకోసారి బండ మీద టింగుమంటోంది. చివరి బెంచీ కుర్రాడే. గుమ్మంలో తర్వాతి పీరియడు ఫిజిక్సు మేడం రిజిస్టరు గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ ఒకసారి దగ్గారు. జలుబుతో వచ్చిన దగ్గు కాదు.

"సార్, తప్పకుండా... వస్తాయా సార్, రావా?"

చెప్పాను. వరండాలో అప్పటికే నాలుగు క్లాసుల పిల్లలు.

"ఆఁ? ఏంటి సార్?" అన్నాడు.